జానెడు రెక్కల పురుగు: పట్టు తల్లి ఏది, పండ్ల దొంగ ఏది?



తొలకరి వానలు రెండు పడి, నేల వాసన ఇంకా పోకముందే రాత్రిపూట మన ఇళ్ళ దీపాల చుట్టూ పురుగుల తిరునాళ్ళ మొదలవుతుంది గదా! ఉసిళ్ళు వస్తాయి, పేడపురుగులు వస్తాయి, వేరుశనగ చేను మీదికి పోవలసిన ఎర్ర గొంగళి తల్లి పురుగులు వస్తాయి. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలోనో, రుద్రవరం, శిరివెళ్ళ ప్రాంతాల్లో నల్లమల అంచునో, నంద్యాల దగ్గర మహానంది కొండ కిందనో ఇల్లు వున్నవాళ్ళకు వీటితో పాటు ఇంకొక అతిథి కూడా వస్తుంది. జానెడు రెక్కలు చాచి గోడకు అతుక్కొని, నాలుగు కళ్ళతో మనల్ని చూస్తున్నట్టు కదలకుండా కూర్చుంటుంది.

దాన్ని చూచి ఇంట్లో ముసలమ్మ, "కీడప్పా, చీపురు తీసుకో" అంటుంది. బడికి పోయే పిల్లవాడు, "అవ్వా, అది పట్టుపురుగు, కొట్టవద్దు" అంటాడు. బత్తాయి తోట వున్న ఇంటి యజమాని, "నా కాయలు పొడిచి రాలగొడుతున్నది ఇదే" అని చెప్పు అందుకుంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజం? కీడు మాట మాత్రం ఎప్పుడూ నిజం కాదు. తక్కిన ఇద్దరిలో ఎవరి మాట నిజమనేది, ఆ గోడ మీద కూర్చున్న పురుగు ఏ జాతిదో తేలితే గాని చెప్పలేం.

"పురుగు పేరు తెలిస్తే నాకేమొస్తుంది?" అని మీరు అడగవచ్చు. ఒక తోట రైతును ఊహించుకుందాం. అహోబిలం దారిలో ఆయనకు రెండెకరాల బత్తాయి వుంది. కాయలు రంగు తిరిగే వేళకు రోజూ పొద్దున్నే చెట్ల కింద పదో, ఇరవయ్యో కాయలు రాలి వుంటున్నవి. ఒకనాటి తెల్లవారుజామున మోటారు కొట్టం దీపం కింద పెద్ద గోధుమరంగు రెక్కల పురుగు కనపడింది. "దొరికింది దొంగ" అని చంపేశాడు. తెల్లవారి చూస్తే కాయలు మళ్ళీ రాలినవి. మరునాడూ రాలినవి. ఎందుకంటే ఆయన చంపిన పురుగుకు నోరే లేదు. అది కాయ పొడవడం మాట అటుంచి, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మంచినీటి చుక్క కూడా తాగదు. అసలు దొంగ దానికన్న చిన్నది. ఎండుటాకు మాదిరి ముడుచుకొని పక్క కంచెలోని తిప్పతీగ పొదలో పగలంతా నిద్రపోతున్నది. పేరు తెలియకపోవడం వల్ల అడవికి ఒక తల్లి పోయింది, తోటకు దొంగ మిగిలింది. అందుకే ఈ పూట ఈ రెండింటినీ, వీటిని పోలిన మరికొన్నింటినీ ఎట్లా వేరు చేసి గుర్తు పట్టాలో చెప్పుకుందాం.

ముందుగా ఈ పట్టు తల్లి ఎవరో తెలుసుకోవాలి. పట్టు అనగానే మనకు ధర్మవరం చీరలు, హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు గుర్తుకొస్తాయి. అది మల్బరీ పట్టు. మల్బరీ పురుగును మనిషి వేల ఏళ్ళుగా ఇంట్లో పెంచి పెంచి సాధువును చేశాడు. దాని రెక్కల పురుగు తెల్లగా, చిన్నగా, రెండు వేళ్ళ వెడల్పున వుంటుంది, రెక్కలున్నా ఎగరలేదు. మనం చెప్పుకుంటున్నది దానికి దూరపు బంధువు. అడవిలో పుట్టి, అడవి చెట్టు ఆకు తిని, చెట్టు కొమ్మకే పట్టుకాయ కట్టే పెద్ద జాతి ఇది. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబానికి సాటర్నిడే అని పేరు పెట్టారు. దసలి పట్టు ఇచ్చే పురుగు, ఆముదపు ఆకు తినే ఎరి పురుగు, అస్సాములో బంగారు రంగు ముగా పట్టు ఇచ్చే పురుగు, ఇవన్నీ ఆ కుటుంబం వారే. మల్బరీ, దసలి, ఎరి, ముగా అనే ఈ నాలుగు రకాల పట్టూ పండే దేశం మనది.

మన నల్లమల అంచున కనపడే పెద్ద పట్టు తల్లులు ముఖ్యంగా రెండు. ఒకటి దసలి తల్లి, రెండవది చందమామ పురుగు. ఈ రెండింటినీ బాగా మనసులో పెట్టుకుంటే తక్కినవి తేలిక.

దసలి తల్లి రెక్కలు చాస్తే ఆ కొస నుంచి ఈ కొసకు 15 సెంటీమీటర్లకు అటూ ఇటుగా వుంటుంది. అంటే మంచి మనిషి చేతి జానెడన్నమాట. ఆడది సాధారణంగా పసుపు రంగులోనో, బూడిద కలిసిన పసుపులోనో వుంటుంది; పొట్ట గుడ్లతో నిండి లావుగా కనపడుతుంది. మగది కొంచెం చిన్నది, ఇటుక రంగులోనో ముదురు గోధుమ రంగులోనో వుంటుంది. రంగు మాత్రం నమ్మకమైన గుర్తు కాదు, ఒక దానికొకటి తేడా వుంటుంది. నమ్మకమైనది కన్ను. నాలుగు రెక్కల మీదా, ఒక్కొక్క రెక్క నడుమ, గుండ్రని కన్ను మాదిరి మచ్చ వుంటుంది. ఆ మచ్చ నడుమ భాగానికి రంగు పొడి వుండదు. గాజు పలకలాగా అవతలి వెలుగు కనపడుతుంది. బ్యాటరీ లైటు రెక్క వెనక నుంచి వేసి చూడండి, నాలుగు చిన్న కిటికీలు వెలుగుతాయి. ఇది మన మొదటి పరీక్ష.

చందమామ పురుగును ఒక్కసారి చూచినవారు మరువలేరు. లేత పాలపచ్చ రంగు, తెల్లని దూది వంటి ఒళ్ళు, ముందు రెక్కల పై అంచున వంగపండు రంగు గీత. వెనక రెక్కలు రెండూ కిందికి సాగి పొడుగాటి తోకలుగా వేలాడుతుంటాయి. దీనికీ నాలుగు రెక్కల మీద చిన్న చిన్న కంటి మచ్చలున్నవి. ఆ తోకలు అందానికని అనుకోకండి. గబ్బిలం చీకట్లో తన కూత ప్రతిధ్వనిని బట్టి వేటాడుతుంది. ఎగిరేటప్పుడు గిరగిరా తిరిగే ఈ తోకల వైపు దాని గురి మళ్ళుతుంది. తోక ముక్క పోయినా ప్రాణం దక్కుతుంది. అమెరికాలో దీని చెల్లెలి వరుస పురుగు మీద పరీక్షలు చేసి 2015లో ఈ సంగతి ప్రకటించారు. తోకలు చిరిగిన చందమామ పురుగు మీ గోడ మీద కనపడితే, అది గబ్బిలం నుంచి తప్పించుకొని వచ్చిందేమో అనుకోండి.

ఇక రెండవ పరీక్ష, మీసాలు. పెద్ద పట్టు జాతిలో మగవాటి మీసాలు ఈత ఆకు మాదిరి, పక్షి ఈక మాదిరి రెండు పక్కలా పళ్ళు తీరి వెడల్పుగా వుంటాయి. ఆడవాటికీ పళ్ళుంటాయి గాని సన్నగా వుంటాయి. మగవాటికి అంత పెద్ద మీసాలెందుకు? ఆడది వెదజల్లే వాసనను గాలిలో పట్టుకోవడానికి. పత్తి వేసే నంద్యాల రైతుకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. గులాబి రంగు పురుగు కోసం చేలో లింగాకర్షక బుట్టలు కడుతున్నారు గదా, వాటిలో పెట్టే ఎర ఆ తల్లి పురుగు వాసనను పోలినదే. ఇటువంటి వాసన పదార్థాన్ని ప్రపంచంలో మొట్టమొదట విడదీసింది కూడా పట్టుపురుగు నుంచే. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు బుటెనాంట్, ఆయనతో పనిచేసినవారు సుమారు 5 లక్షల మల్బరీ ఆడ రెక్కల పురుగుల నుంచి రవ్వంత పదార్థం తీసి, అదేమిటో 1959లో తేల్చారు. మన చేలోని బుట్టకు మూలం అక్కడ వుంది.

మూడవ పరీక్ష, నోరు. రెక్కల పురుగులు చాలావాటికి తల కింద గడియారపు స్ప్రింగులాగా చుట్టుకొన్న తొండం వుంటుంది. దానితో పూల తేనెనో, పండ్ల రసాన్నో పీలుస్తాయి. పెద్ద పట్టు తల్లికి పనికివచ్చే తొండం లేదు. పురుగు దశలో తిని దాచుకొన్న కొవ్వుతోనే వారం, పది రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లో జత కట్టి, గుడ్లు పెట్టి తనువు చాలిస్తుంది. కాబట్టి పండు మీద కూర్చొని రసం పీలుస్తున్న పురుగు ఎంత పెద్దదైనా, ఎంత అందమైనదైనా, అది పట్టు తల్లి కాదు. తోట రైతు ఈ ఒక్క మాట జ్ఞాపకం వుంచుకొంటే చాలు.

ఈ మూడు పరీక్షలనూ కలిపి చూడాలి. ఒక్క గుర్తును పట్టుకొని తీర్పు చెబితే మోసపోతాం. కన్ను వుంది గదా అని ఒకటి, పెద్దది గదా అని ఇంకొకటి పొరబడే వీలుంది. ఆ పొరబాటు పడే పురుగులేవో ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది మన పండ్ల దొంగ. దీన్ని పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు అంటారు. రెక్కలు చాస్తే 8 నుంచి 10 సెంటీమీటర్లు, అంటే చిన్నదేమీ కాదు. కూర్చొన్నప్పుడు ముందు రెక్కలు ఇంటి కప్పులాగా ముడుచుకొంటుంది; అవి అచ్చంగా ఎండుటాకు రంగు, ఒక్కోసారి ఆకుపచ్చ చాయ. అప్పుడు దాన్ని పక్కనే నిలబడి కూడా కనిపెట్టలేం. కదిలిస్తే లోపలి రెక్కలు బయటపడతాయి. అవి పండు నారింజ రంగులో వుండి, నల్లని మచ్చలు, నల్లని అంచు కలిగి వుంటాయి. ఒక జాతికి నడుమ గుండ్రని నల్లచుక్క, ఇంకొక జాతికి కామా గుర్తు వంటి వంకర మచ్చ. ఆ రంగును చూచి "ఎంత సొగసు, పట్టుపురుగేమో" అని పిల్లలు మురిసిపోతారు. పరీక్షలు పెట్టండి. గాజు కిటికీలు లేవు. మీసాలు దారం మాదిరి సన్నగా వున్నవి. తొండం వుంది, అదీ మామూలు తొండం కాదు, కొస గట్టిపడి ముళ్ళు దేరి బత్తాయి తోలును కూడా తొలిచే తమిరెకోల. అది పొడిచిన చోట సూదిమొన అంత రంధ్రం పడుతుంది. అందులో నుంచి బూజు, కుళ్ళు దిగుతాయి. రంధ్రం చుట్టూ తోలు మెత్తబడి కాయ రాలిపోతుంది. రాలిన కాయను నొక్కితే ఆ రంధ్రం గుండా రసం చిమ్ముతుంది. బత్తాయే కాదు, దానిమ్మ, జామ, మామిడి కూడా దీనికి ఇష్టమే.

ఈ దొంగ పిల్లలు మాత్రం తోటలో పెరగవు. దాని గొంగళి పురుగులు తిప్పతీగ, దూసరితీగ ఆకులు తింటాయి. అంటే తల్లి ఒక చోట, పిల్లలు ఒక చోట. బత్తాయి ఆకుల మీద ఎంత వెతికినా దీని గొంగళి పురుగు కనపడదు. కనపడలేదని పురుగే లేదనుకోకూడదు. తోట కంచె మీద, గట్ల మీద అల్లుకొన్న తిప్పతీగను, దూసరితీగను తీసివెయ్యడం మొదటి పని. రాలిన కాయలను రోజూ ఏరి గుంటలో పూడ్చడం రెండవ పని, ఎందుకంటే ఆ పులిసిన వాసనకే ఇంకా నాలుగు దొంగలు వస్తాయి. పొద్దు గూకిన తరువాత మూడు, నాలుగు గంటల పాటు బ్యాటరీ లైటు పట్టుకొని చెట్లు చూచి, పండ్ల మీద కూర్చొన్న వాటిని పట్టి చంపవచ్చు. అప్పుడు వాటి కళ్ళు నిప్పుకణాల్లా మెరుస్తాయి. తక్కువ చెట్లు వున్నవాళ్ళు, దానిమ్మ వేసినవాళ్ళు కాయలకు సంచులు తొడిగితే అన్నిటికన్నా మేలు.

రెండవది గుడ్లగూబ పురుగు. ముదురు గోధుమ, నలుపు కలిసిన పెద్ద పురుగు. రెక్కలు చాస్తే 12 సెంటీమీటర్ల దాకా వుంటుంది. పగలు పాడుబడ్డ ఇంట్లో, గడ్డివాము నీడలో, మరుగుదొడ్డి మూలలో గోడకు పరచుకొని కూర్చుంటుంది. మన ముసలమ్మ కీడన్నది చాలా వరకు దీన్ని చూచే. దీనికి పెద్ద కంటి మచ్చలున్నవి. పట్టు తల్లి అని పొరబడేది ఇక్కడే. అయితే జాగ్రత్తగా చూడండి. కళ్ళు ముందు రెక్కల మీద రెండే, వెనక రెక్కల మీద లేవు. ఆ కన్ను గీతలతో వేసిన బొమ్మే గాని దానిలో గాజు కిటికీ లేదు. మీసాలు దారాలు. తొండం వుంది, మగ్గి పులిసిన పండు రసం, చెట్టు బంక తాగుతుంది. మనకు చేసే కీడు ఏమీ లేదు. బయటికి తోలితే పోతుంది.

మూడవది గద్ద పురుగు జాతి. వీటి ఒళ్ళు లావుగా వుండి తోక వైపు మొనదేరుతుంది. ముందు రెక్కలు సన్నగా, పొడుగ్గా, కూర్చొన్నప్పుడు బాణం ములికిలాగా వెనక్కి తిరిగి వుంటాయి. పట్టు తల్లి ఎగిరితే గాలిలో గుడ్డ పీలిక ఎగిరినట్టు తేలుతూ తూలుతూ పోతుంది. గద్ద పురుగు తూటాలాగా పోతుంది, పువ్వు ముందు నిలబడి రెక్కలాడిస్తూ పొడుగాటి తొండంతో తేనె తాగుతుంది. బొప్పాయి పూలకు పుప్పొడి మోసేది వీళ్ళే. నువ్వు చేలో తోక మీద కొమ్ము వున్న బొటనవేలంత లావు పురుగును మీరు చూచే వుంటారు; ఆ కొమ్ము పురుగు తల్లి ఈ జాతిదే. దాని వీపు మీద మనిషి పుర్రె బొమ్మ వుంటుంది, పట్టుకొంటే కీచుమని అరుస్తుంది, తేనెతుట్టెలోకి దూరి తేనె దొంగిలిస్తుంది. దాన్ని చూచి జడుసుకోవద్దు, కుట్టదు, కరవదు. గన్నేరు చెట్టు మీద పెరిగే ఆకుపచ్చ గద్ద పురుగును చందమామ పురుగని పొరబడేవారున్నారు. తోకలున్నవా అని చూడండి. లేకపోతే చందమామ కాదు.

నాలుగవది మునగ చెట్టు గొంగళి తల్లి. ఇదే అన్నిటికన్నా మాయ చేసేది. పసుపు గోధుమ రంగు, ఒళ్ళంతా నూగు, వెడల్పాటి రెక్కలు. చూపుకు చిన్న దసలి తల్లే. మీసాలు కూడా దువ్వెన పళ్ళే! రెండవ పరీక్షలో ఇది నెగ్గుతుంది. మొదటి పరీక్షలో ఓడిపోతుంది. రెక్కల మీద సన్నని అలల గీతలే గాని కళ్ళు లేవు. దీని పిల్లలను మీరెరుగుదురు: మునగ మాను మొదట్లో గుంపులు గుంపులుగా పడుకొని, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేపే బొచ్చు పురుగులు అవే.

వీటితో పాటు ఆముదపు దాసరి పురుగు తల్లి, వేరుశనగ ఎర్ర గొంగళి తల్లి కూడా దీపానికి వస్తాయి గాని వాటితో పొరబాటు పడనక్కరలేదు. మొదటిదానికి వెనక రెక్కలు నల్లగా వుండి తెల్లని పట్టీ, మచ్చలు వుంటాయి. రెండవదానివి తెల్లని రెక్కలు, ముందు రెక్క అంచున పసుపో ఎరుపో గీత, వెనక రెక్కల మీద నల్లచుక్కలు. రెండూ పట్టు తల్లిలో సగానికన్న తక్కువే. అట్లాసు పురుగని ఇంకా పెద్దది వున్నది, దాని బొమ్మలు పత్రికల్లో చూచి వుంటారు. ఈశాన్య రాష్ట్రాల తడి అడవులు దాని నెలవు. దాని దగ్గరి చుట్టం పడమటి కనుమల్లో, సింహళంలో వుంది. మన గోడ మీద జానెడు పురుగు కనపడగానే అట్లాసు అనేయకుండా ముందు దసలి తల్లి ఏమో చూచుకోండి.

రెక్కల పురుగు రాత్రి వచ్చి పోతుంది. పగటిపూట మీకు కనపడేవి దాని గొంగళి పురుగు, దాని గూడు. వాటిని గుర్తు పట్టడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే మందు డబ్బా భుజాన వేసుకొని వుండేది పగలే గదా!

దసలి పురుగు గొంగళి దశలో లేత ఆకుపచ్చగా, బాగా ఎదిగిన నాటికి మనిషి వేలు కన్న లావుగా వుంటుంది. ఒళ్ళు బుడిపెలు బుడిపెలుగా వుండి ఒక్కొక్క బుడిపె మీద రెండు, మూడు పొట్టి వెంట్రుకలుంటాయి. పక్కల మీద పసుపు గీత, కొన్ని చోట్ల వెండి రేకు అద్దినట్టు మెరిసే చుక్కలు కనపడతాయి. తోక మీద కొమ్ము వుండదు. కొమ్ము వుంటే గద్ద పురుగు. ఒళ్ళంతా దట్టమైన బొచ్చు వుండదు. వుంటే అది మునగ గొంగళి వంటిది. నడిచేటప్పుడు నడుము పైకి లేపి జానలు కొలవదు. కొలిస్తే దాసరి పురుగు వంటిది. దసలి పురుగును చేత్తో పట్టుకొంటే దురద పెట్టదు. తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పురుగును సాకే కుటుంబాలు దీన్ని చేతులతోనే ఒక చెట్టు నుంచి ఇంకొక చెట్టుకు మారుస్తారు. ఇది తినేది నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు. రేగు, బాదం ఆకులు కూడా తింటుంది. చందమామ పురుగు పిల్లలకు గుంపెన చెట్టు ఇష్టం. పత్తి, వరి, శనగ, జొన్న, మిరప, ఇవేవీ వీటి ఆహారం కావు. మన పంటకు వీటి వల్ల కాసంత నష్టం లేదు.

ఇక గూడు. నాలుగవ పరీక్ష అనుకోండి. దసలి పట్టుకాయ కోడిగుడ్డు ఆకారంలో, దానికన్న చిన్నగా, బూడిద రంగులోనో పసుపు చాయలోనో, గోటితో గీరినా దిగనంత గట్టిగా వుంటుంది. అన్నిటికన్న గొప్ప గుర్తు దాని కాడ. పురుగు ముందుగా కొమ్మ చుట్టూ పట్టుతో ఉంగరం తిప్పి, దాని నుంచి గట్టి కాడ పేని, ఆ కాడకు కాయ వేలాడదీస్తుంది. ఎండాకాలంలో ఆకు రాలిపోయినా ఆ కాయ పండులాగా కొమ్మకు వేలాడుతూనే వుంటుంది. లోపల పురుగు నిద్రలో వుండి, తొలకరి చెమ్మ తగిలిన తరువాత రెక్కలతో బయటికి వస్తుంది. గట్టి కాయను ఎట్లా చీల్చుకొని వస్తుందంటారా? చీల్చదు. నోటి దగ్గర నుంచి ఒక రసం విడిచి పట్టును అంటించిన జిగురును కరిగించి, పోగులను పక్కకు నెట్టి బయటపడుతుంది. చందమామ పురుగు గూడుకు కాడ లేదు. పలుచగా కాగితంలాగా వుండి ఆకుల మధ్య చుట్టుకొని వుంటుంది. గద్ద పురుగుకు పట్టుకాయే లేదు; మట్టిలోకి దిగి నున్నని గోధుమరంగు గొట్టంగా మారుతుంది, దుక్కి దున్నేటప్పుడు పైకి వస్తుంది. పండ్ల దొంగ తిప్పతీగ ఆకులను పలుచని పోగులతో మడిచి అందులో దాక్కుంటుంది.

ఇంతవరకూ వచ్చాం గనుక అందరి మనసులో వున్న ప్రశ్న కూడా చెప్పుకోవాలి. "ఈ తల్లిని పట్టి పెంచితే నాలుగు డబ్బులొస్తాయా?" గోడ మీద వాలిన ఒక్క పురుగుతో రావు. దసలి సాగుకు ముందు కావలసింది పురుగు కాదు, మద్ది చెట్లు. గుంపుగా, అందేంత ఎత్తులో పెంచిన చెట్లు వుండాలి. తెగులు లేని గుడ్లు తేవాలి. పక్షుల నుంచి, చీమల నుంచి, కందిరీగల నుంచి కాపలా కాయాలి. ఇదంతా చిన్న పని కాదు. దీని కోసమే రాంచీలో 1964 నుంచి దసలి పట్టు పరిశోధన సంస్థ పనిచేస్తున్నది. నిజంగా ఆసక్తి వున్నవారు పట్టు పరిశ్రమ శాఖ వారిని అడిగి అడుగు వెయ్యండి. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. నల్లమలలో చాలా భాగం పెద్దపులుల అభయారణ్యం. నంద్యాల, గిద్దలూరు నడుమ గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం వుంది. అడవిలోని కాయలు ఏరుకొని అమ్ముకొందామని లోపలికి పోవద్దు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ తేకూడదు. అక్కడి కాయ అక్కడే పగలాలి.

మరి మనం చెయ్యవలసిందేమిటి? కష్టమైనవేమీ కావు. చేలో దీపపు ఎర పెట్టేవారు రాత్రి 7 గంటల నుంచి 11 గంటల వరకే వెలిగించండి. ఎర్ర గొంగళి తల్లుల వంటి చీడ పురుగులు ఎక్కువగా ఆ వేళలోనే వస్తాయి. తెల్లవార్లూ వెలిగిస్తే పనికివచ్చే పురుగులు, పట్టు తల్లులు వచ్చి కిరసనాయిలు నీళ్ళలో పడతాయి. ఇంటి గోడ మీద పట్టు తల్లి వాలితే దీపం ఆర్పండి. చాలాసార్లు అదే పోతుంది. పొద్దున్నే కాకులు పొడవకముందే మెల్లగా ఒక పుల్ల మీదికో, అట్ట మీదికో ఎక్కించి పెరట్లో చెట్టు నీడన వదలండి. రెక్కలు పట్టుకోకండి, ఆ రంగు పొడి రాలిపోతుంది. గట్టు మీద మద్ది చెట్టో, గుంపెన చెట్టో వుంటే దానికి పచ్చపురుగు పట్టిందని మందు కొట్టకండి. నెల తిరక్కుండా చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. చీర, లుంగీ ఆరేసినంత తీరికగా ఒక్క నిమిషం నిలబడి చూస్తే చాలు: రెక్క రెక్కకూ కిటికీ వుందా? మీసం ఈకలాగా వుందా? తొండం వుందా, లేదా? గూటికి కాడ వుందా?

ఈ నాలుగు ప్రశ్నలూ పిల్లలకు నేర్పండి. వాళ్ళ కళ్ళు మన కళ్ళకన్నా చురుకు. తేలని పురుగు ఏదైనా దొరికితే చంపకుండా మూత కంతలు పెట్టిన డబ్బాలో వేసుకొని, లేకుంటే ఫోనులో రెక్కలు చాచిన ఫోటో ఒకటి, తల దగ్గర నుంచి ఫోటో ఒకటి తీసుకొని, 1906 నుంచి నంద్యాలలో వున్న వ్యవసాయ పరిశోధనా స్థానానికో, బనగానపల్లె దగ్గర యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రానికో తీసుకుపోండి. ఎక్కడ దొరికింది, ఏ చెట్టు మీద దొరికింది, ఏ తేదీన దొరికింది అనే మూడు సంగతులు చీటీ మీద రాసి పెట్టండి. చీటీ లేని పురుగు విలాసం లేని ఉత్తరం వంటిది.

మన తోట రైతు దగ్గరికి మళ్ళీ పోదాం. ఈసారి ఆయన చెప్పు తీయలేదు. లైటు వేసి చూచాడు. నాలుగు కిటికీలు వెలిగినవి, తొండం లేదు. "నీవు కాదమ్మా" అని దాన్ని పుల్ల మీద ఎక్కించి కంచె అవతల మద్ది కొమ్మ మీద వదిలాడు. అటునుంచి అటే తోటలోకి పోయి బత్తాయి మీద వాలిన నారింజ రెక్కల దొంగలను ఏరి పట్టాడు. మరునాడు కూలి పెట్టి కంచె మీది తిప్పతీగ పీకించాడు. ఆయన బత్తాయిలు ఆయనకు దక్కుతాయి. నల్లమల తల్లి నల్లమలకు దక్కుతుంది. గుర్తు పట్టడం వల్ల లాభమేమిటంటే ఇదే.

ఈ తొలకరికి మీ గోడ మీద ఏది వాలుతుందో చూడండి. కొట్టేముందు ఒక్కసారి దీపం ఎత్తి చూడండి.